రెండు జేబుల నిజాం

పోయిన సెమిస్టర్ పరీక్షలు అయిపోయిన రాత్రి మా హాస్టల్ రూములో ఒక గొడవ మొదలైంది. మా రూమ్మేట్ ఫోన్లో బ్రిటన్ రాజకుటుంబం ఆస్తుల మీద ఏదో వీడియో చూస్తున్నాడు. రాజుగారికి ఎన్ని కోటలు, ఎన్ని ఎస్టేట్లు, ఎన్ని నగలు అని లెక్క. అది అయ్యాక బ్రూనై సుల్తాను, థాయ్‌లాండ్ రాజు, సౌదీ రాజు. మధ్యలో ఇంకొకడు లేచి, వీళ్ళందరూ ఎందుకురా, ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్ద ధనవంతుడు మన హైదరాబాద్ నిజామే కదా అన్నాడు. వెంటనే వాట్సాప్ ఫార్వర్డ్ ఒకటి బయటికొచ్చింది. 1965లో నిజాం దేశానికి అయిదు టన్నుల బంగారం దానం చేశాడట. మూడోవాడికి మండింది. ఆ బంగారం ఎవడి చెమట అని అడిగాడు. తెల్లవారుజామున మూడు దాకా అరుచుకున్నాం. ఏమీ తేలలేదు.

సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు మా నానమ్మని అడిగాను. మాది ఉమ్మడి నల్లగొండ జిల్లా. నానమ్మ నాకు రెండు సంగతులు చెప్పింది. ఒకటి, వాళ్ళ నాయిన దొర గడీలో కూలి లేకుండా పనిచేసేవాడని, దొర బండి పోతుంటే ముందు ఉరికేవాడని, ఆ ఉరుకుడుకి కాళ్ళు పాడై చివరిదాకా కుంటాడని. రెండోది, మా నాన్నకి రెండేళ్ళప్పుడు జ్వరం ఎక్కి ఫిట్స్ వస్తే పట్నం తీసుకుపోయి నీలోఫర్ దవాఖానలో వేశారని, అక్కడే పిల్లాడు బతికాడని. ఆ దవాఖాన కట్టినోళ్ళ కడుపు చల్లగుండాలని ఇప్పటికీ అంటుంది. మరి నిజాం మంచోడా, చెడ్డోడా అంటే, రెండూ చెప్పిన కదా బిడ్డా అని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ రెండు సంగతులూ నన్ను వదల్లేదు. అందుకే ఈసారి మన మ్యాగజైన్‌కి ఒక కవితో, కథో రాయకుండా మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ జీవితం రాస్తున్నాను. ధనవంతుల లిస్టులో ఆయన ఎన్నో నంబరు అన్నది నాకు ముఖ్యం కాదు. ఆ డబ్బు ఏ జేబులోంచి వచ్చింది, ఏ జేబులోకి పోయింది అన్నదే నా ప్రశ్న.

పాత హవేలీ పిల్లాడు

ఉస్మాన్ అలీ ఖాన్ 1886 ఏప్రిల్ 6న హైదరాబాద్ పాతబస్తీలోని పురానీ హవేలీలో పుట్టాడు. తండ్రి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. ఇప్పుడు పురానీ హవేలీలో ఒక మ్యూజియం ఉంది. మీరు చూడకపోతే ఒక ఆదివారం వెళ్ళిరండి. అందులో మహబూబ్ అలీ బట్టల బీరువా ఉంటుంది. బీరువా అంటే మన ఇంట్లోది కాదు, రెండంతస్తుల చెక్క హాలు అది. ఒకసారి వేసుకున్న బట్టలు మళ్ళీ వేసుకునేవాడు కాదని ఆయనకి పేరు. చేత్తో నడిపే లిఫ్ట్ కూడా అక్కడే ఉంది. మెకానికల్ వాళ్ళు దాని ముందు కాసేపు నిలబడిపోతారు.

కొడుకు సరిగ్గా దీనికి తిరుగుడు. చదువంతా ఇంట్లోనే, పండితుల దగ్గర. ఉర్దూ, పారశీకం, ఇంగ్లీషు నేర్చుకున్నాడు. ఉర్దూలో, పారశీకంలో గజళ్ళు రాసేవాడు. జలీల్ మానిక్‌పురి అనే కవి ఆయనకి గురువు. మనలాంటి లిటరరీ క్లబ్ ఉంటే మెంబరయ్యేవాడే అన్నమాట, కాకపోతే తప్పు పట్టే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

1911 ఆగస్టులో తండ్రి చనిపోయాడు. పాతికేళ్ళ వయసులో ఉస్మాన్ అలీ ఏడో నిజాం అయ్యాడు. చేతికొచ్చిన రాజ్యం చిన్నది కాదు. విస్తీర్ణం 82 వేల చదరపు మైళ్ళ పైచిలుకు. అందులో ఇప్పటి తెలంగాణతో పాటు మరాఠ్వాడా, ఇప్పటి ఉత్తర కర్ణాటకలో కొన్ని జిల్లాలు. 1941 నాటికి జనం కోటీ అరవై లక్షలు. సొంత నాణెం, సొంత పోస్టు, సొంత రైలు. అందులో సగానికి దగ్గరగా తెలుగు మాట్లాడేవాళ్ళే. కానీ దర్బారులో, కోర్టులో, కచేరీలో తెలుగు వినపడేది కాదు.

రెండు జేబులు

ఇక్కడ కాస్త లెక్క చెప్పాలి, బోర్ అనుకోకండి. ఈ లెక్క తెలియకపోతే నిజాం డబ్బు అర్థం కాదు.

రాజ్యంలోని భూమి మూడు రకాలు. సుమారు అరవై శాతం దివానీ, అంటే ప్రభుత్వ భూమి. దాని శిస్తు సర్కారు ఖజానాకి పోతుంది. సుమారు ముప్పై శాతం జాగీర్లు, అంటే నవాబులకి, రాజాలకి ఇచ్చేసినవి. మిగిలిన పది శాతం సర్ఫ్-ఎ-ఖాస్. ఇది అచ్చంగా నిజాం సొంతం. హైదరాబాద్ చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా మొత్తం ఇందులోనే. ఆ భూముల శిస్తు నేరుగా ఆయన సొంత జేబుకే.

అంటే నిజాంకి రెండు జేబులు. ఒకటి సర్కారు జేబు, దాని మీద లెక్కాపత్రం, మంత్రులు, బడ్జెట్ ఉన్నాయి. రెండోది సొంత జేబు, దాన్ని అడిగేవాడు లేడు. దీనికితోడు నజరానాలు. దర్బారుకి వచ్చినవాళ్ళు బంగారు నాణెం సమర్పించుకోవాలి. చాలామంది రాజులు ఆ నాణేన్ని తాకి వెనక్కి ఇచ్చేస్తారు. ఈయన ఉంచేసుకునేవాడని ఊరంతా చెప్పుకునేది.

ఇంకో మాట. ఈ మూడు రకాల భూమిలోనూ కింద దున్నేవాడు ఒక్కడే, రైతు. వాడికీ రాజుకీ మధ్య పటేళ్ళు, పట్వారీలు, దేశ్‌ముఖులు. దేశ్‌ముఖులంటే మొదట శిస్తు వసూలు చేసిపెట్టేవాళ్ళు. రానురాను వాళ్ళే వేల ఎకరాల దొరలయ్యారు. ఒక్క విసునూరు దేశ్‌ముఖ్ చేతిలోనే అరవై ఊళ్ళు, నలభై వేల ఎకరాలు ఉన్నాయంటే ఊహించుకోండి. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, మాల, ఏ కులం వాళ్ళయినా దొరకీ, అధికారులకీ ఊరికే పనిచేయాలి. అదే వెట్టి. మా ముత్తాత ఉరికింది ఈ వ్యవస్థలోనే. నిజాం మా ముత్తాతని ఎన్నడూ చూసి ఉండడు. కానీ నిజాం ఖజానాకి శిస్తు ఠంచనుగా చేరాలంటే ఊళ్ళో దొర మాట చెల్లాలి. దొర మాట చెల్లాలంటే మా ముత్తాత ఉరకాలి. నానమ్మ చెప్పిన మొదటి సంగతి ఇది.

కట్టినవి

ఇప్పుడు రెండో సంగతి. 1908 సెప్టెంబరులో మూసీకి వరద వచ్చి హైదరాబాద్‌లో వేలమంది చనిపోయారు. మరుసటేడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి సలహా అడిగారు. నది పైన రెండు చెరువులు కట్టి నీళ్ళు ఆపాలని ఆయన చెప్పాడు. ఇదంతా తండ్రి కాలంలో. పని చేయించింది కొడుకు. మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. మనం గండిపేట అని పిలిచేది ఉస్మాన్ సాగర్‌నే. వరద ఆపడానికి కట్టినవి దశాబ్దాల పాటు నగరానికి తాగునీళ్ళిచ్చాయి.

సివిల్ వాళ్ళు గర్వపడాల్సిన పేరు ఇంకొకటి ఉంది, నవాబ్ అలీ నవాజ్ జంగ్. హైదరాబాద్ ఇంజనీరు. మంజీరా మీద నిజాంసాగర్ ఆయన నాయకత్వంలోనే 1923లో మొదలై 1931లో పూర్తయింది. నిజామాబాద్ వైపు రెండు లక్షల ఎకరాలకు పైగా నీళ్ళు. ఆ నీళ్ళతో చెరుకు, ఆ చెరుకుతో 1937లో బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ. ఒక డ్యామ్ నుంచి ఒక పరిశ్రమ ఎలా పుడుతుందో చూడండి. అలీ నవాజ్ జంగ్ పుట్టినరోజు జూలై 11నే తెలంగాణలో ఇంజనీర్స్ డే జరుపుతున్నాం.

ఉస్మానియా ఆసుపత్రి, హైకోర్టు, 1918లో ఉస్మానియా యూనివర్సిటీ, 1932లో ప్రభుత్వ బస్సులు. మొదట్లో ఉన్నవి 27 బస్సులే. ఆర్టీసీ బస్సు నంబరులో జెడ్ అక్షరం నిజాం తల్లి జెహ్రా బేగం పేరు మీదే వచ్చిందని చెప్పుకుంటారు. రేపు బస్సెక్కేటప్పుడు చూడండి. అజంతా గుహలు కూడా అప్పుడు హైదరాబాద్ రాజ్యంలోనే ఉండేవి. 1914లో పురావస్తు శాఖ పెట్టి గులాం యజ్దానీని డైరెక్టర్ చేశారు, బొమ్మలు పాడవకుండా ఇటలీ నుంచి నిపుణుల్ని రప్పించారు. బనారస్ హిందూ విశ్వవిద్యాలయానికి విరాళం వెళ్ళింది. పూనా భండార్కర్ సంస్థ మహాభారతాన్ని పరిష్కరించి అచ్చువేస్తుంటే దానికీ ఏటా డబ్బు వెళ్ళింది.

అయితే ఇందులో మెలిక ఉంది. ఈ డ్యాములు, ఆసుపత్రి, యూనివర్సిటీ ఎక్కువగా సర్కారు జేబులోంచి, అంటే జనం కట్టిన శిస్తులోంచి కట్టినవి. పేరు మాత్రం ఆయనది. ఉస్మాన్ సాగర్, ఉస్మానియా, నిజాంసాగర్. నేను ఆయన చేసింది తక్కువ చేయడం లేదు. అదే శిస్తు అదే కాలంలో వసూలు చేసి ఒక్క కాలువ కూడా తవ్వని సంస్థానాలు బోలెడు. ఖర్చు ఎక్కడ పెట్టాలో ఎంచుకోవడం కూడా పనే. కానీ రాజుగారు ఇచ్చారు అనేముందు, ఎవరిది తీసి ఎవరికిచ్చారు అని ఒక్కసారి ఆగి అడగాలి.

ఉస్మానియా సంగతి మన క్లబ్ వాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి. ఒక భారతీయ భాషలో యూనివర్సిటీ చదువు మొత్తం చెప్పొచ్చని దేశానికి మొదట చూపించింది అదే. సైన్సు, మెడిసిన్, 1929 నుంచి ఇంజనీరింగ్ కూడా ఉర్దూలో. పుస్తకాలు అనువదించడానికి ఏకంగా ఒక శాఖే ఉండేది. గొప్ప ప్రయోగం. కానీ రాజ్యంలో ఎక్కువమంది భాష ఉర్దూ కాదు. తెలుగు ఊరి నుంచి వచ్చిన పిల్లాడికి అది ఇంగ్లీషంత దూరం. 1921లో హైదరాబాద్‌లో ఒక సభలో ఒకాయన తెలుగులో మాట్లాడబోతే గోల చేసి ఆపేశారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది, తర్వాత ఆంధ్ర మహాసభ అయింది. 1938లో ఉస్మానియా హాస్టల్ విద్యార్థులు వందేమాతరం పాడారని పంపించేశారు. వాళ్ళలో చాలామంది నాగపూర్ వెళ్ళి చదువుకున్నారు. అలా వెళ్ళినవాళ్ళలో పి.వి. నరసింహారావు ఒకరు. మన వయసువాళ్ళే వాళ్ళంతా.

ధనవంతుడి ఫోటో

1937 ఫిబ్రవరిలో నిజాం పాలన రజతోత్సవం జరిగింది. ఆ నెలలోనే అమెరికా టైమ్ పత్రిక ఆయన బొమ్మని అట్టమీద వేసి, ప్రపంచంలోకెల్లా ధనవంతుడిగా పరిచయం చేసింది. మా రూములో గొడవకి మూలం ఆ అట్టే.

ఆ అట్టమీది మనిషి ఎలా బతికాడు? కింగ్ కోఠీ ప్యాలెస్‌లో ఉండేవాడు. ఆ ఇల్లు అంతకుముందు కమాల్ ఖాన్ అనే ఆయనది, తలుపుల మీద, కిటికీల మీద ఆయన పేరులోని రెండు కె అక్షరాలు చెక్కి ఉండేవట. వాటిని చెరపడం దండగ అని ఆ అక్షరాలకి సరిపోయేలా ఇంటికి కింగ్ కోఠీ అని పేరు పెట్టుకున్నారని చెబుతారు. ఒకే టోపీ ఏళ్ళ తరబడి పెట్టుకున్నాడని, చవక చార్మినార్ సిగరెట్లు కాల్చాడని, సాక్సులు తానే అల్లుకున్నాడని కథలు. తండ్రి కొన్న జాకబ్ వజ్రం, 184 కేరట్ల పైచిలుకు, ఆయన చనిపోయాక పాత బూటు ముందుభాగంలో దొరికిందట. కొడుకు దాన్ని కాగితాల మీద బరువుగా వాడాడు.

ఈ కథలు విని మనం నవ్వుకుంటాం. నాకు మాత్రం ఒకటి అనిపించింది. ఆయన పిసినారి అనడం సగం మాటే. తన మీద ఖర్చుపెట్టుకోడు కానీ హోదా కోసం లెక్క చూసుకోడు. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ వాళ్ళకి కోట్లు ఇచ్చాడు. ఆయన డబ్బుతో విమానాలు కొన్న 110వ స్క్వాడ్రన్‌కి హైదరాబాద్ పేరే పెట్టారు. దానికి బదులుగా 1918లో మిగతా మహారాజులెవరికీ లేని బిరుదు దక్కింది. అందరూ హిజ్ హైనెస్ అయితే ఈయన హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్. పైగా నమ్మకమైన మిత్రుడు అన్న గుర్తింపు. ఇరవై ఒక్క తుపాకుల వందనం సరే సరి.

ఆ హోదాకి అర్థం ఏమిటో ఎనిమిదేళ్ళకే తెలిసింది. బేరారు ప్రాంతం తనకి తిరిగిచ్చేయమని, దేశీయ వ్యవహారాల్లో తాను బ్రిటిష్ ప్రభుత్వంతో సమానుడినని ఆయన వైస్రాయ్ రీడింగ్‌కి రాశాడు. 1926లో జవాబొచ్చింది. బ్రిటిష్ చక్రవర్తి అధికారమే అన్నిటికన్నా పైన, ఏ సంస్థానాధీశుడూ సమానుడిగా బేరమాడలేడని దాని సారం. ప్రపంచంలోకెల్లా డబ్బున్నవాడు కావచ్చు, కానీ తన రాజ్యం ముక్క తాను అడిగి తెచ్చుకోలేడు. కోట్లు పోస్తే వచ్చింది పేరు ముందు ఒక విశేషణం.

1947 నవంబరులో లండన్‌లో యువరాణి ఎలిజబెత్ పెళ్ళి. నిజాం కార్టియే నగల కొట్టుకి కబురు పెట్టాడు, అమ్మాయికి నచ్చింది తననే ఎంచుకోమని. ఆమె ఒక వజ్రాల హారం, కిరీటం తీసుకుంది. ఆ హారాన్ని నిజాం నెక్లెస్ అనే పిలుస్తారు. రాణిగా ఫోటోల్లో ఆమె వేసుకుంది, తర్వాత మనవడి భార్య కేట్ కూడా వేసుకుంది. మా రూమ్మేట్ చూసిన వీడియోలో బ్రిటన్ రాజకుటుంబం నగల లెక్కలో అది కూడా ఉండే ఉంటుంది.

ఆ నెలలో తెలంగాణ ఊళ్ళల్లో ఏం జరుగుతోందో కూడా పక్కనే పెట్టి చూడాలి. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యని దొర మనుషులు కాల్చి చంపారు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట దొర పాలు కాకుండా నిలబెట్టుకుంది. ఊరూరా సంఘాలు లేచాయి.

చివరి ఆట

బ్రిటిష్ వాళ్ళు వెళ్ళిపోతుంటే నిజాం తాను ఇటు ఇండియాలోనూ అటు పాకిస్తాన్‌లోనూ చేరనని, స్వతంత్రంగా ఉంటానని ప్రకటించాడు. 1947 నవంబరు 29న ఏడాది పాటు యథాతథ ఒప్పందం మీద సంతకాలు అయ్యాయి. ఆ ఏడాదే పీడకల. కాసిం రజ్వీ నాయకత్వంలో రజాకార్లు ఊళ్ళ మీద పడ్డారు. దోపిడీలు, మంటలు, హత్యలు. నిజాం వాళ్ళని ఆపలేదు. విలీనాన్ని సమర్థించిన ఉర్దూ పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ని 1948 ఆగస్టులో హైదరాబాద్ నడివీధిలో చంపేశారు. కవి దాశరథి నిజామాబాద్ జైల్లో ఉన్నప్పుడు బొగ్గుతో గోడమీద నిజాంని నిలదీస్తూ పద్యాలు రాశారు. ఆ పద్యాలు మీకు నేను గుర్తు చేయక్కర్లేదు.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం వచ్చింది. అయిదు రోజుల్లో అయిపోయింది. 17న నిజాం రేడియోలో మాట్లాడి యుద్ధం ఆపుతున్నట్టు చెప్పాడు. ఆ తర్వాత వారాల్లో జరిగిన ప్రతీకార హింసలో వేలమంది ముస్లింలు చనిపోయారు. సుందర్‌లాల్ కమిటీ దాన్ని రాసిపెట్టింది, కానీ ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. రజాకార్ల గురించి చెప్పి దీన్ని చెప్పకపోతే లెక్క సగమే అవుతుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంకో విచిత్రం. హైదరాబాద్ ప్రభుత్వం పేరు మీద లండన్‌లో ఉన్న పది లక్షల పౌండ్లని, మంత్రి మొయిన్ నవాజ్ జంగ్ ఆదేశంతో, అక్కడి పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకి బదిలీ చేశారు. నేను చెప్పలేదు, వెనక్కి ఇవ్వండి అని నిజాం కబురు పెట్టాడు. బ్యాంకు అందరూ ఒప్పుకుంటే తప్ప ఇవ్వనంది. ఆ డబ్బు అలా డెబ్భై ఏళ్ళు మూలిగింది. 2019 అక్టోబరులో లండన్ హైకోర్టు భారత ప్రభుత్వానికీ, నిజాం వారసులకీ అనుకూలంగా తీర్పు చెప్పేనాటికి అది వడ్డీతో మూడున్నర కోట్ల పౌండ్లయింది. అది సర్కారు జేబా, సొంత జేబా అన్న నా ప్రశ్నకి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

రాజు నుంచి ఉద్యోగికి

1949 ఫిబ్రవరిలో సర్దార్ పటేల్ హైదరాబాద్ వచ్చినప్పుడు నిజాం బేగంపేట విమానాశ్రయానికి వెళ్ళి చేతులు జోడించి స్వాగతం చెప్పిన ఫోటో ఒకటి ఉంది. ఆ నెలలోనే సర్ఫ్-ఎ-ఖాస్ భూములు ప్రభుత్వంలో కలిసిపోయాయి. ఆ ఏడాదే జాగీర్లు రద్దయ్యాయి. సొంత జేబు కుట్టేశారన్నమాట. బదులుగా పరిహారం, ఏటా యాభై లక్షల రాజభరణం.

1950 జనవరి 26 నుంచి 1956 అక్టోబరు 31 దాకా ఆయన హైదరాబాద్ రాష్ట్రానికి రాజప్రముఖ్. ఇప్పటి గవర్నర్ లాంటి పదవి. 1952లో ఎన్నికల్లో గెలిచిన బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు, రాజప్రముఖ్‌గా ఉన్నది నిజామే. ఒకప్పుడు ఆయన సంతకమే చట్టం. ఇప్పుడు మంత్రివర్గం చెప్పిన కాగితం మీద ఆయన సంతకం. ఈనాటి యూరప్ రాజులు చేసే పని సరిగ్గా ఇదే. మనదగ్గర ఆరేళ్ళు జరిగింది, చాలామందికి గుర్తు కూడా లేదు.

మిగిలిన ఆస్తిని ఆయన ట్రస్టుల్లో పెట్టాడు. కొన్ని కుటుంబం కోసం, కొన్ని దానధర్మాల కోసం, నగలకి విడిగా. నీలోఫర్ దవాఖాన కూడా ఈ కాలానిదే. పేరు ఆయన చిన్న కోడలు, టర్కీ రాజవంశపు యువరాణి నీలోఫర్‌ది. తన పరిచారిక ప్రసవంలో చనిపోతే చలించిపోయి, తల్లులకీ పిల్లలకీ ప్రత్యేకంగా ఆసుపత్రి కావాలని ఆమె పట్టుబట్టిందని చెబుతారు. ఎవరో ఒక పనిమనిషి చావు నుంచి మా నాన్న బతుకు దాకా దారి అలా వచ్చింది.

ఇక అయిదు టన్నుల బంగారం. 1965 యుద్ధం తర్వాత నిజాం ప్రభుత్వానికి ఇచ్చింది 425 కిలోలు. అది దానం కాదు, ఆరున్నర శాతం వడ్డీకి జాతీయ రక్షణ బంగారు బాండ్లలో పెట్టిన పెట్టుబడి. కష్టకాలంలో దేశానికి పనికొచ్చింది, అందులో అనుమానం లేదు. కానీ మనం ఫార్వర్డ్ చేసేముందు టన్నులూ కిలోలూ, దానమూ డిపాజిటూ తేడా చూసుకోవాలి. ఇంజనీర్లం కదా, యూనిట్లు తప్పితే మార్కులు పోతాయి.

1967 ఫిబ్రవరి 24న కింగ్ కోఠీలోనే ఆయన కన్నుమూశాడు. ఎదురుగా ఉన్న జూదీ మసీదులో తల్లి సమాధి పక్కనే ఖననం చేశారు. జనం ఇసకేస్తే రాలనంతగా వచ్చారు. దించేసిన రాజు కోసం అంతమంది ఎందుకు ఏడ్చారు అన్నది కూడా ఆలోచించాల్సిందే. కొడుకుని కాదని మనవడు ముకర్రం జాని వారసుడిగా చేశాడు. వారసత్వంగా వచ్చింది వజ్రాలతో పాటు పద్నాలుగు వేల పైచిలుకు మంది నౌకర్లు, ఆశ్రితులు, వాళ్ళ ఖర్చు, బంధువుల కోర్టు కేసులు. 1971లో రాజభరణాలు రద్దయ్యాయి. ముకర్రం జా ఆస్ట్రేలియాలో గొర్రెల ఫారం కొనుక్కుని వెళ్ళిపోయాడు. 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో చనిపోతే తెచ్చి మక్కా మసీదులో ఖననం చేశారు. నగల్లో 173 వస్తువుల్ని, జాకబ్ వజ్రంతో సహా, 1995లో భారత ప్రభుత్వం సుమారు 218 కోట్లకి కొంది. ఇప్పుడవి రిజర్వు బ్యాంకు లాకర్లో ఉన్నాయి. చివరికి సొంత జేబులోది సర్కారు జేబులోకే వచ్చింది, మళ్ళీ జనం డబ్బు పెట్టి కొంటేనే.

ఇదంతా చదివాక మా రూములో గొడవకి నా దగ్గర తీర్పు ఉందా? ఆయన్ని దేవుణ్ణి చేసే పోస్టు, రాక్షసుణ్ణి చేసే పోస్టు, రెండూ నాకిప్పుడు ఒకేలా కనపడుతున్నాయి. రెండిట్లోనూ ఒకే జేబు చూపిస్తారు. గండిపేట నీళ్ళు తాగిన ఊరు మనది. ఆ కట్టకి డబ్బిచ్చింది శిస్తు కట్టిన రైతు. ఆ శిస్తు వసూలు కోసం ఉరికింది మా ముత్తాత. ఆయన పేరు మీద చెరువు లేదు, బస్సు నంబరులో అక్షరం లేదు. మా నాన్న దగ్గర కూడా ఆయన ఫోటో లేదు. కుంటుకుంటూ నడిచేవాడన్న మాట ఒక్కటే నానమ్మ దగ్గర ఉంది.

ఈ వ్యాసం పంపేముందు నానమ్మకి ఫోన్లో చదివి వినిపించాను. అంతా విని, మా నాయిన పేరు రాయలేదేందిరా అని అడిగింది. పేరు రాయకూడదని ముందే అనుకున్నాను, ఇంటి సంగతి కదా అని. కానీ ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేకపోయాను.

ఫ్రెండ్స్, మీ ఇళ్ళల్లో ఆ కాలం చూసినవాళ్ళు, లేదా చూసినవాళ్ళ మాటలు విన్నవాళ్ళు ఉంటే ఈ సెలవుల్లో ఒక గంట కూర్చోండి. గడీ గురించి, రజాకార్ల గురించి, ఆ తర్వాత జరిగినదాని గురించి, దవాఖాన గురించి, అన్నీ అడగండి. ఫోన్లో రికార్డు చేయండి. మన క్లబ్‌కి పంపండి, వచ్చే సంచికలో వేద్దాం. నిజాం లెక్కలు రాసిపెట్టడానికి ఆయనకి ఒక శాఖే ఉండేది. వీళ్ళ లెక్క రాయాల్సింది మనమే.